ఆ గదిలోకి తల వంచుకుని వెళ్లకండి

(విదేశీ విశ్వవిద్యాలయాల్లో చేరబోతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి. ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీలో చాలామందికి అడ్మిషన్ ఉత్తరం వచ్చేసింది. కొందరి ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంటుంది. ఇక్కడికి వచ్చాక ఇంకో ఇంగ్లిష్ పరీక్ష రాయాలి, అందులో వచ్చినదాన్ని బట్టి ఇంగ్లిష్ కోర్సు తీసుకోవలసి రావచ్చు అని. నా ఉత్తరంలోనూ ఉంది ఆ వాక్యం. చదివి వదిలేశాను. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియం, ప్రవేశానికి రాసిన పరీక్షలో మంచి స్కోరు, ఇంకా నాకెందుకు ఇంగ్లిష్ కోర్సు అనుకున్నాను. వెళ్లిన వారంలోనే పరీక్ష పెట్టారు. రెండు రోజుల తర్వాత జాబితా అంటించారు. నా పేరు ఈఎస్ఎల్ సెక్షన్‌లో ఉంది. ఇంగ్లిష్ యాజ్ ఎ సెకండ్ లాంగ్వేజ్, అంటే ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకునేవాళ్ల తరగతి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆ సెమిస్టర్ అంతా ఆ గదిలోకి వెళ్లేముందు వరండాలో అటూ ఇటూ చూసి, మా డిపార్ట్‌మెంట్ వాళ్లెవరూ లేరని తేల్చుకున్నాకే తలుపు తీసేదాన్ని.

ఇప్పుడు నా ఉద్యోగం అలాంటి గదుల్లో పాఠం చెప్పడమే. చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ప్రతి ఏడాదీ మొదటి వారంలో తల వంచుకుని వచ్చి చివరి వరసలో కూర్చునే పిల్లలు కనబడతారు. వాళ్లని చూసినప్పుడల్లా కలిగే బాధే నన్ను ఇవాళ మీ ముందుకు తీసుకొచ్చింది. యూనివర్సిటీ మొత్తంలో మీరు తప్పు మాట్లాడినా ఏమీ పోని చోటు అదే. మీరు తప్పు రాస్తే అది ఎందుకు తప్పో పక్కన కూర్చుని విడమరిచి చెప్పే మనిషి ఉన్న చోటూ అదే. నాకు ఆ సంగతి తెలిసేసరికి సెమిస్టర్ అయిపోయింది. మీ విషయంలో అలా జరగకూడదని నా కోరిక.

ముందు మీ స్కోరు సంగతి మాట్లాడుకుందాం. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టడం ఇవాళ్టిది కాదు. 1913లో కేంబ్రిడ్జ్ వాళ్లు ప్రొఫిషియెన్సీ పరీక్ష మొదటిసారి పెట్టినప్పుడు ముగ్గురు రాశారు. 12 గంటల పరీక్ష. ముగ్గురూ తప్పారు. టోఫెల్ 1964లో వచ్చింది, ఐఈఎల్‌టీఎస్ 1989లో. ఈ పరీక్షలు పనికిరానివని నేను అనను, వాటిని ఎంతో శ్రద్ధగా తయారుచేస్తారు. కానీ అవి కొలిచేది ఎంతో చూడండి. ఐఈఎల్‌టీఎస్‌లో మీరు మాట్లాడేది 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా కూర్చున్న మనిషి పనే మిమ్మల్ని మాట్లాడించడం. రాయవలసింది గంటలో రెండు ముక్కలు, ఒకటి 150 పదాలకు తగ్గకుండా, రెండోది 250 పదాలకు తగ్గకుండా. వినేది అరగంట.

అక్కడికి వెళ్లాక లెక్చరు గంట సాగుతుంది, ఒక్కోసారి రెండు గంటలు. మధ్యలో ప్రొఫెసర్ ఏదో అంటాడు, గది గదంతా నవ్వుతుంది, మీకు ఎందుకో తెలియదు. రాయవలసిన వ్యాసం మూడు వేల పదాలు ఉంటుంది, అదీ పదో పదిహేనో వ్యాసాలు చదివి వాటి మీద మీ అభిప్రాయం నిలబెట్టాలి. సెమినార్‌లో పదిమంది ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే ఆ సందులో మీ మాట చొప్పించాలి. ఏ పరీక్షా ఇంతదూరం కొలవదు. గేటు దాటించడం వరకే ఆ స్కోరు పని. మంచి స్కోరు వచ్చింది కాబట్టి నాకు ఇంగ్లిష్ వచ్చు, నన్ను ఈ తరగతిలో వేయడం అవమానం అనుకోవడం నేను చేసిన పొరపాటు.

కెనడాలో జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లో ఒక తేడాను తేల్చి చెప్పాడు. పలకరింపుల భాష వేరు, చదువు భాష వేరు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇంచుమించు రెండేళ్లలో ఆటస్థలంలో తోటివాళ్లతో ధారాళంగా మాట్లాడేసేవారు. టీచర్లు చూసి భాష వచ్చేసింది అనుకునేవారు. పాఠ్యపుస్తకం భాషలో తోటివాళ్లను అందుకోవడానికి మాత్రం ఆ పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టేది. పెద్దవాళ్ల లెక్క కాస్త వేరే అనుకోండి, అయినా ఆ రెండింటి మధ్య దూరం మాత్రం నిజం.

మన పిల్లల్లో నేను చూసేది ఇంకో రకం. సబ్జెక్టు మాటలు వాళ్లను ఇబ్బంది పెట్టవు. ఆల్గరిథమ్, థర్మోడైనమిక్స్ నీళ్లు తాగినంత తేలిగ్గా అనేస్తారు. ఆ మాటలకూ మాటలకూ మధ్య ఉండే మాటల దగ్గర తడబడతారు. అజ్యూమ్, డిరైవ్, ఇంప్లై, కాన్‌స్టిట్యూట్, వేరాజ్, నెవర్‌దిలెస్. వీటిని ఏ సబ్జెక్టు టీచరూ పాఠంగా చెప్పరు, అందరికీ వచ్చే ఉంటాయనుకుంటారు. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు ఆర్ట్స్, కామర్స్, లా, సైన్స్ రంగాల నుంచి సుమారు 35 లక్షల పదాల పాఠాన్ని జల్లెడ పట్టి, 2000లో ఒక జాబితా ప్రచురించారు. 570 పద కుటుంబాలు. ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపితే ఒక కుటుంబం. చదువు పుస్తకాల్లో నూటికి పది మాటలు ఈ కుటుంబాలవే. రోజుకు ఐదు చొప్పున పట్టుకుంటే నాలుగు నెలల్లోపు పూర్తవుతాయి. అయితే అర్థం బట్టీ పట్టి వదిలేయకండి. సిగ్నిఫికెంట్ అనే మాట మామూలు వాక్యంలో ముఖ్యమైనది అని చెబుతుంది. గణాంక శాస్త్రంలోకి వెళ్తే దాని అర్థం వేరు. మాటను మీ సబ్జెక్టు వాక్యంలోనే పట్టుకోవాలి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. మొదటి సెమిస్టర్‌లో పాఠం అయ్యాక ఒక ప్రొఫెసర్ దగ్గరకు వెళ్లి, ఐ హావ్ ఎ డౌట్ అన్నాను. ఆయన ముఖం మారింది. నేను చెప్పినదాంట్లో నీకు దేని మీద నమ్మకం కుదరలేదు అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మనకు డౌట్ అంటే తెలియని సంగతి, అడగవలసిన ప్రశ్న. ఆయనకు డౌట్ అంటే అపనమ్మకం. ఆ సాయంత్రం ఈఎస్ఎల్ తరగతిలో జరిగింది చెబితే మా టీచరు బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాశారు, డౌట్, క్వశ్చన్. తరగతిలో మన భాష ఎరగనివాళ్లు కూడా తమ భాషల నుంచి తెచ్చుకున్న ఇలాంటి మాటలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. గంట గడిచింది. ఆ రోజు నేను మొదటిసారి ఆ గదిలో చివరి వరస వదిలి ముందుకు వచ్చాను.

ఇందులోనే ఇంకా లోతైన సంగతి ఉంది. తెలుగులో మర్యాద ఎక్కడ ఉంటుంది? గారులో, అండిలో, క్రియ చివర. పుస్తకం ఇవ్వండి అంటే చాలు, ఆ అండి మొత్తం పని చేసేస్తుంది. అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి తీసుకుపోతే గివ్ మీ ది బుక్ మిగులుతుంది. అండి దారిలో రాలిపోయింది. ఇంగ్లిష్ తన మర్యాదను కుడ్, వుడ్, మైట్ లాంటి మాటల్లో, కోరికను ప్రశ్నగా తిప్పి అడగడంలో పెట్టుకుంది. ఈ సంగతి తెలియక, ఎంతో వినయం ఉన్న పిల్లలు ఆఫీసుకు సెండ్ మీ మై మార్క్స్ టుడే అని మెయిల్ రాసి మొరటువాళ్లుగా పేరు తెచ్చుకోవడం నేను చూశాను. నాకు చాలా బాధ కలిగేది, ఎందుకంటే తెలుగులో వాళ్లు ఎలా అడిగి ఉండేవారో నాకు వినబడుతుంది. జపనీస్, కొరియన్ పిల్లలకూ ఇదే కష్టం. వాళ్ల భాషల్లోనూ మర్యాద క్రియలోనే కూర్చుంటుంది. కాబట్టి వాక్యాన్ని మార్చేటప్పుడు అండిని ఎక్కడ పెట్టాలా అని ఒక్క క్షణం ఆగి వెతకండి.

యాస గురించి చాలామంది బెంగ పెట్టుకుంటారు. మీ యాస మార్చుకోమని నేను ఎవరికీ చెప్పను, అది మీది. మార్చుకోవలసింది ఊనిక. తెలుగులో హ్రస్వదీర్ఘాలు చూసుకుంటాం కానీ, మాటలో ఫలానా అక్షరాన్ని నొక్కకపోతే అర్థం పోతుందన్న భయం లేదు. ఇంగ్లిష్‌లో రెండు మూడు అక్షరాలున్న ప్రతి మాటలోనూ ఒకదాని మీద బరువు పడుతుంది, మిగతావి నలిగిపోతాయి. ఫోటోగ్రాఫ్‌లో ఆ బరువు మొదటి ఫో మీద ఉంది. ఫోటోగ్రఫీ అనేసరికి రెండో అక్షరం మీదికి జరుగుతుంది, మనకు ఫటాగ్రఫీ అన్నట్టు వినబడుతుంది. ఫోటోగ్రాఫిక్‌లో ఇంకా జరిగి గ్రా మీద పడుతుంది. మనం మూడింట్లోనూ ఒకే రకంగా ఫోటో అనేసి ముందుకు పోతాం. హోటల్‌లో వాళ్లు టెల్‌ను నొక్కుతారు, మనం హోను నొక్కుతాం. డెవలప్‌లో వాళ్ల బరువు రెండో ముక్క మీద ఉంటే, మనం తెలుగులో రాసుకోవడంలోనే మొదటి ముక్కకు బలం ఇచ్చేశాం. వినేవాళ్లు మాటను పోల్చుకునేది ఎక్కువగా ఆ బరువును బట్టే. అది చోటు తప్పితే సారీ అంటారు, అంటే అర్థం కాలేదు, మళ్లీ చెప్పమని. మనం అదే మాటను అలాగే, ఇంకా గట్టిగా చెబుతాం. మళ్లీ సారీ అంటారు. ఇలా రెండుసార్లు జరిగితే పిల్లలు నోరు మూసేసుకుంటారు. నిఘంటువులో ఉచ్చారణ రాసిన చోట పైన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది. ఆ గీత తర్వాతి అక్షరాన్ని నొక్కాలి. మీ సబ్జెక్టులో రోజూ వాడే యాభై మాటలకు ఆ గీత ఎక్కడుందో వెళ్లేలోగా చూసుకోండి.

ఇక రాత. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పిల్లలు నిజంగా దెబ్బతినేది ఇక్కడే.

నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను, ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పను. చాలా చురుకైన పిల్ల. మొదటి వ్యాసం రాయడానికి ఒక పరిశోధన పత్రం ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యంలో రెండు మూడు మాటలు తీసేసి వాటి చోట పర్యాయపదాలు పెడుతూ పేరా మొత్తం రాసింది. చివర ఆ పత్రం పేరు కూడా ఇచ్చింది. వారం తిరిగేసరికి గ్రంథచౌర్యం కింద విచారణకు రమ్మని ఉత్తరం వచ్చింది. నా ముందు కూర్చుని ఒకటే మాట అంటోంది, నేను దొంగను కాను, పేరు రాశాను కదా అని. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మెచ్చుకునే చదువు నుంచి వచ్చింది. ఆ వాక్యాలు తన ఇంగ్లిష్ కన్నా బాగున్నాయి, వాటిని చెడగొట్టడానికి మనసు ఒప్పలేదు.

ఇలాంటి అతుకుల రాతకు రెబెకా మూర్ హోవర్డ్ అనే అమెరికన్ ఆచార్యురాలు ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టారు. కొత్త భాషలో, కొత్త రంగంలో రాయడం నేర్చుకునేవాళ్లు చాలామంది దాటే దశ అది, దాన్ని దొంగతనంతో సమానం చేయకూడదు అని ఆమె వాదించారు. నేను ఆ వాదనను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ చాలా యూనివర్సిటీల నిబంధనల్లో ఆ తేడా ఉండదు. కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కూ ఆ తేడా తెలియదు, అది పోలికలు మాత్రమే చూపిస్తుంది. అందుకని దారి ముందే తెలిసి ఉండాలి.

ఆ అమ్మాయికి నేను నేర్పించిన పద్ధతి ఇది. పేరా చదువు. మళ్లీ చదువు. పుస్తకం మూసెయ్. ఇప్పుడు నీ మాతృభాషలో, పైకి వినబడేలా, ఎదురుగా ఈ సబ్జెక్టు తెలియని మనిషి కూర్చున్నట్టు ఊహించుకుని ఆ పేరా ఏం చెప్పిందో చెప్పు. చెప్పలేకపోతే నీకు అది అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదువు. చెప్పగలిగితే అప్పుడు దాన్ని ఇంగ్లిష్‌లో రాయి, పుస్తకం తెరవకుండా. రాశాక తెరిచి అంకెలూ పేర్లూ సరిచూసుకుని, ఎవరి నుంచి తీసుకున్నావో అక్కడికక్కడే రాయి. వాక్యం మరీ గొప్పగా ఉండి వదల్లేకపోతే కొటేషన్ గుర్తుల్లో పెట్టు. మొదట్లో ఒక్క పేరాకు గంట పడుతుంది. ఇంగ్లిష్ రావాలంటే తెలుగును బయట వదిలేసి రావాలని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. అర్థం సొంతమైందో లేదో తేల్చుకోవడానికి మీ దగ్గర తెలుగును మించిన గీటురాయి లేదు.

రాతలో ఇంకోటి. జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలు వరసగా పరిశీలించి, వాటిలో మూడు అడుగులు కనబడుతున్నాయని 1990లో వివరించాడు. మొదట ఈ విషయం ముఖ్యమైనదని చూపిస్తారు. తర్వాత ఇందులో ఇప్పటివరకూ ఎవరూ పట్టించుకోని ఖాళీ ఒకటి ఉందంటారు. ఆపైన ఆ ఖాళీని మేము పూరిస్తున్నాం అంటారు. మీ రంగంలో ఐదు వ్యాసాలు తీసి మూడు రంగుల పెన్సిళ్లతో ఈ మూడు అడుగులూ గీసి చూడండి. భాషా తరగతిలో మేము చేయించే పని ఇదే. దీనికి వ్యాకరణంతో సంబంధం లేదు. మంచి ఇంగ్లిష్ వచ్చిన స్థానిక విద్యార్థులకు కూడా ఇది ఎవరూ చెప్పరు, అందుకే మా గదిలోంచి వెళ్లినవాళ్లు కొన్ని విషయాల్లో వాళ్లకన్నా ముందుంటారు.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. దానితో రాయించుకోకండి, దాన్ని అడగండి. నేను రాసిన ఈ వాక్యం ఎందుకు వింతగా ఉంది అని అడిగితే జవాబు చెబుతుంది, మీరు సరిచూసుకోండి. మీ కోర్సులో అది వాడటానికి అనుమతి ఎంతవరకో ముందు తెలుసుకోండి.

వ్యాకరణం మీద ఒక్క ముక్క. ఎ, ది అనే రెండు చిన్న మాటలు మనల్ని జీవితాంతం వదలవు. తెలుగులో వాటికి సరిగ్గా సమానమైనవి లేవు కాబట్టి మనకు ఆ భావమే లేదనుకుంటాం. ఉంది. పుస్తకం కొన్నాను అంటే ఏదో ఒక పుస్తకం. పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను అంటే మీకూ నాకూ తెలిసిన ఆ పుస్తకం. చాలాసార్లు ది చేసే పనిలో కొంత మన ను, ని చేస్తున్నాయి. ఇలా రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే నాకు ది మీద భయం పోయింది. ఇప్పటికీ పొరపాటు చేస్తుంటాను, అప్పుడు దిద్దుకుంటాను.

తల్లిదండ్రులు అడగవలసినవి కొన్ని చెబుతాను. ఇలాంటి భాషా కోర్సును అమెరికాలో ఇంటెన్సివ్ ఇంగ్లిష్ ప్రోగ్రాం అంటారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద భాషా కోర్సులో మాత్రమే చేరితే వారానికి కనీసం 18 గంటలు హాజరు కావాలి. బ్రిటన్‌లో డిగ్రీకి ముందు పెట్టేది ప్రీ-సెషనల్, డిగ్రీతో పాటు నడిచేది ఇన్-సెషనల్. ఆస్ట్రేలియాలో ఎలికాస్ అంటారు. పేరు ఏదైనా ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఈ కోర్సుకు విడిగా ఫీజు ఉందా? వీటి క్రెడిట్లు డిగ్రీకి కలుస్తాయా? ఇది పాసైతే అసలు కోర్సులో సీటు ఖాయమా, మళ్లీ పరీక్ష రాయాలా? జవాబు మెయిల్‌లో తెప్పించుకుని దాచుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తండ్రి: మా అబ్బాయి అక్కడ తెలుగువాళ్లతోనే గదిలో ఉంటాడట. ఇంగ్లిష్ ఎలా వస్తుందండీ?)

ఉండనివ్వండి సార్. కొత్త దేశంలో మొదటి నెలల్లో మనసుకు ఆసరా కావాలి, సొంత భాషలో గోడు చెప్పుకునే మనిషి కావాలి. దాన్ని లాగేస్తే పిల్లవాడు కుంగిపోతాడు. బదులుగా రోజులో ఒక గంట బయట ఖాయం చేయమనండి. చాలా యూనివర్సిటీల్లో కన్వర్సేషన్ పార్ట్‌నర్ పద్ధతి ఉంటుంది, స్థానిక విద్యార్థి ఒకరిని జతచేస్తారు. రైటింగ్ సెంటర్ ఉంటుంది, మామూలుగా ఫీజు ఉండదు, వ్యాసం తీసుకెళ్తే కూర్చుని మాట్లాడతారు. ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్ ఉంటాయి. అవి విద్యార్థుల కోసమే ఖాళీగా ఉంచిన గంటలు, వెళ్తే విసుక్కుంటారని మనవాళ్లు మానేస్తారు. మొదటి రెండు వారాల్లో ప్రతి ప్రొఫెసర్ దగ్గరికీ ఒక్కసారైనా వెళ్లమనండి, ఒకే ఒక్క ప్రశ్నతో.

(ఒక విద్యార్థిని: సెమినార్‌లో నేను వాక్యం కూర్చుకునేలోపే మాట వేరే చోటికి వెళ్లిపోతుందని అక్క చెప్పింది. ఏం చేయాలి?)

అమ్మా, అది నాకూ జరిగింది. ఏడాది పాటు నేను నోట్‌బుక్‌లో రాసుకున్న మంచి మాటలు ఎవరూ వినలేదు. రెండు పనులు చెయ్యి. ముందురోజు రాత్రి ఒక ప్రశ్న పూర్తి వాక్యంగా రాసుకుని, చర్చ మొదలైన పది నిమిషాల్లోనే అడిగెయ్. ఆలస్యమైన కొద్దీ గొంతు బిగుసుకుపోతుంది. రెండోది, మాట దాటిపోతే, ఇందాకటి సంగతికి ఒకసారి వెనక్కి వెళ్దామా అనే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో కంఠతా పట్టు. అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు, పైగా చర్చ చక్కబడిందని సంతోషిస్తారు. ఈ వాక్యాన్ని మొదట ఈఎస్ఎల్ తరగతిలో వాడి చూడు. అక్కడ నీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా అదే వాక్యం కోసం వెతుకుతుంటారు.

(ఒక విద్యార్థి: ఈ కోర్సు ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అదే మార్కుల పట్టికలో, పడుతుందా మేడం? రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూస్తే?)

కొన్నిచోట్ల పడుతుంది, కొన్నిచోట్ల పడదు. నా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంది, మొదటి పేజీలోనే. చాలాకాలం ఆ పేజీ ఎవరికైనా ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి వచ్చేది. ఎన్నో చోట్ల ఇచ్చాను, ఎవరూ దాని గురించి అడగలేదు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు కూడా వాళ్లు అడగలేదు. నేనే ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టి, ముందు ఈ లైను చూడండి అన్నాను.